బొంతకు దశ తిరిగింది

సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడిన ప్రతిసారీ ప్రతిపక్షం వాళ్ళు మైకు ముందుకొచ్చి ‘ఇదొక అతుకుల బొంత’ అంటారు. బొంత తరఫున నేను తీవ్ర అభ్యంతరం తెలుపుతున్నాను. మా ఇంట్లో బొంత 18 ఏళ్ళు నడిచింది. ఒక్క ముక్క కూడా మద్దతు ఉపసంహరించుకోలేదు. ఎప్పుడైనా అలిగిన ముక్క అంచు దగ్గర లేస్తే, అమ్మ సూదీ దారం తెచ్చుకుని పది నిమిషాల్లో చర్చలు ముగించేది.

సామెతలూ దానికి న్యాయం చేయలేదు. అబ్బాయీ అమ్మాయీ అంతంతమాత్రంగా కుదిరితే ‘గంతకు తగ్గ బొంత’ అని మూతి తిప్పుకున్నాం. ఇన్ని మాటలు పడ్డ వస్తువుకు ఇన్నాళ్ళకు దశ తిరిగింది. మొన్న మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని బొంత అనకూడదట. ‘వింటేజ్ శారీ క్విల్ట్’ అట. ధర 9,800 రూపాయలు. దానికి ఒక అట్టముక్క వేలాడుతోంది. ఇందులో కనిపించే చిరుగులూ మరకలూ లోపాలు కావు, ఈ వస్త్రం చేసిన ప్రయాణానికి గుర్తులు అని దాని మీద రాసుంది. చిన్నప్పుడు ఒక రాత్రి నేను బొంత మీద చేసిన ప్రయాణానికి పొద్దున్నే గుర్తు కనిపిస్తే, మా నాన్న నా వీపు మీద ఇంకో గుర్తు వేశారు. అప్పుడు మా ఇంట్లో అట్టముక్క లేదు.

కొత్త కళాపోషకుల కోసం బొంత శాస్త్రాన్ని ఇక్కడ గ్రంథస్థం చేయడం నా కనీస బాధ్యత. చీర నేరుగా బొంత కాలేదు. ముందు పేరంటాల చీర, తర్వాత ఇంట్లో కట్టుకునే చీర, తర్వాత ఉయ్యాల, ఆ తర్వాత పొత్తిగుడ్డలు, మసిగుడ్డలు. ఇన్ని పదవులు చేసి కూడా కాస్త ఒళ్ళు మిగిలిన చీరకే బొంతలో చోటు. ఆరో ఏడో చీరలు పొరలుగా పరిచేవాళ్ళు. దూదీ గీదీ ఏమీ ఉండదు. గట్టిగా ఉన్నవి రెండు పైనా కిందా, చిరిగిపోయినవన్నీ నడుమ. తెలుగు కుటుంబాలు పరువు నడిపే పద్ధతి కూడా ఇదే కాబట్టి ఎవరికీ విడిగా నేర్పాల్సిన అవసరం రాలేదు.

ఎండాకాలం మధ్యాహ్నం అరుగు మీద బొంత పరిచి, నాలుగు మూలలా నలుగురు కూర్చునేవాళ్ళు. అంచు దగ్గర మొదలుపెట్టి వేలెడు ఎడంతో వరసలు వేసుకుంటూ నడుముకొచ్చేవాళ్ళు. బొంత పూర్తయ్యేసరికి ఆ వీధిలో నాలుగైదు కాపురాల విచారణా పూర్తయ్యేది. అమ్మకు ఒక్కటే నిషేధం: నైలెక్సు అనే నైలాను గుడ్డ. జారుతుంది, చెమట పీల్చదు, బిడ్డకు ఒరుసుకుంటుంది అనేది. నా వైపు పసుపూ నీలం గళ్ళ చీర ముక్క ఉండేది. దీపావళి మతాబు నిప్పురవ్వ పడి దానికి కందిగింజంత చిల్లు, చుట్టూ నల్లటి అంచు. అందులో చూపుడు వేలు దూర్చి పడుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ అట్టముక్క రాసినాయనకు ఇది చెబితే ధర ఇంకో వెయ్యి పెంచుతాడు.

చుట్టాలొచ్చారంటే మాత్రం బొంత మంచం కిందికి, షోలాపూర్ దుప్పటి మంచం మీదికి. మళ్ళీ వాళ్ళు బస్సెక్కేదాకా దాని ముఖం ఎవరూ చూడలేదు.

తర్వాత ఒక చారిత్రక ఘట్టం జరిగింది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మా వీధిలోకి వచ్చింది. మా నాన్న ప్యాంటును ఎండకు ఎత్తి పట్టుకుని, వెలుగు వచ్చిన చోటల్లా ధర తగ్గించింది. మూడు చీరలూ ఆ ప్యాంటూ పోసి ఒక గిన్నె తెచ్చుకున్నాం. దాని మీద నాన్న పేరు, తేదీ చెక్కించాం. అమ్మ పెళ్ళినాటి నేత చీర ఎటు పోయిందో ఆధారాల్లేవు. గిన్నె వంశచరిత్ర మాత్రం భద్రంగా ఉంది.

అమెరికాలో బొంత దశ ముందే తిరిగింది. అలబామా రాష్ట్రంలో నది వంపులో గీస్ బెండ్ అనే ఊరుంది. పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతి ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలు, బస్తా గుడ్డలు కలిపి చలికి బొంతలు కుట్టుకున్నారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, భర్త పోయాక ఆయన పనిబట్టలు కోసి ఒక బొంత కుట్టుకుంది. దాని గురించి నేను వెటకారం చేయలేను. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో, అక్కణ్ణుంచి న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో గోడలెక్కాయి. విమర్శకులు ఫ్రెంచి చిత్రకారుడు మతిస్ పేరు ఎత్తారు. 2006లో పోస్టల్ స్టాంపులూ వచ్చాయి. కప్పుకున్నన్నాళ్ళూ పేదరికం, గోడకు తగిలిస్తే ఆధునిక చిత్రకళ. మేకు కొట్టడమొక్కటే తేడా.

ఆ దేశంలోనే 1930ల కరువు రోజుల్లో, ఆడవాళ్ళు పిండి బస్తాల గుడ్డతో బట్టలు, బొంతలు కుట్టుకుంటున్నారని కనిపెట్టి కంపెనీలు బస్తాల మీద పూలు అచ్చువేశాయి. మన దగ్గర అయితే పూల బదులు నాయకుల బొమ్మలు వేసేవాళ్ళు. వాళ్ళను కప్పుకుని హాయిగా నిద్రపోయేవాళ్ళం.

బొంతల పునరుద్ధరణకు నా దగ్గర ఒక పథకం ఉంది. పాత గుడ్డ కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. పేరంటాల్లో పెట్టే జాకెట్ ముక్కలున్నాయి. ఒక్క సూదిపోటు కూడా పడకుండా, ఎవరి కొలతకూ సరిపోకుండా ఏళ్ళ తరబడి బీరువా నుంచి బీరువాకు తిరుగుతున్న వస్త్ర సంపద అది. 1990ల్లో మా ఆవిడ ఒకరికి పెట్టిన ఆకుపచ్చ ముక్క ఎన్ని ఊళ్ళు తిరిగిందో, నిరుడు వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంలో తిరిగి మా ఇంటికే వచ్చింది. అంచున బాల్ పెన్ను గీత చూసి మా ఆవిడ పోల్చుకుంది. ఇంతకంటే వింటేజ్ ఎక్కడ దొరుకుతుంది? తెలుగు రాష్ట్రాల్లో ఉన్న జాకెట్ ముక్కలన్నీ కలిపి కుడితే హైదరాబాదు నుంచి విజయవాడ దాకా కప్పొచ్చని నా అంచనా. ఈ అంచనాకు ఆధారం మా బీరువా.

పథకాన్ని ఆమోదం కోసం అమ్మ ముందుంచాను. ఆకుపచ్చ ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. ‘నూలు కాదురా’ అని పక్కన పడేసింది. పథకం అక్కడితో ముగిసింది.

అప్పుడు మా అమ్మాయి తన క్విల్ట్ తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ ముందు తిరగేసింది. బొంతను వెనకవైపు నుంచే చూడాలట. ‘వరస బాగానే పడింది, కుట్టినావిడ చెయ్యి మంచిది’ అంది. తర్వాత అంచు వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్ళింది. ఒక మూల కుట్టు విడిచిన చోట ఆగి, గోటితో నెమ్మదిగా లోపలి పొర లాగింది. గులాబీ రంగు పోగు తళతళలాడుతూ బయటికొచ్చింది.

‘నైలెక్సు.’

‘నానమ్మా, అది అప్‌సైక్లింగ్’ అంది మా అమ్మాయి.

‘ఎంతే?’

మా ఇంట్లో అమ్మకు ఏ ధరైనా సగం చేసి చెప్పే ఆచారం ఉంది. ఈసారి భయపడి ఒక సున్నా కూడా తీసేసి 490 అన్నాం. అమ్మ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

‘డబ్బులు మీరిచ్చారా? పాత చీరలకు వాళ్ళు కదే మనకు గిన్నె ఇవ్వాల్సింది!’