కాయలోనే కాదు, చొక్కా మీదా చూడాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రాక మొదలైతే పురుగుమందు అవశేషాల చర్చ కూడా మొదలవుతుంది. ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందులకు మన దేశంలో సాధారణంగా ఆహారంలో అనుమతించేది కిలోకు 0.01 మిల్లీగ్రామే. కాయ విషయంలో ఇంత పట్టింపు ఉంది కానీ, మందు కొట్టిన మనిషి చొక్కా మీద, పంపు పిడి మీద, డబ్బా పెట్టిన అరుగు మీద ఎంత మందు మిగిలిందో చూసేవారు మన ఊళ్లలో కనిపించరు. ఏ పదార్థం ఎలాంటి పరారుణ కాంతిని పీల్చుకుంటుందో చూసి దాన్ని గుర్తుపట్టే పరారుణ వర్ణపట పరీక్షను ఇక్కడికి తేవాలంటే ముందు ఈ పని కోసమే తేవాలని నా వాదన.

ఫాస్ఫరస్ ఉండే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు నరాల సంకేతాలను అదుపులో ఉంచే ఎంజైమును అడ్డుకుంటాయి, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరతాయి. 2017లో ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో 23 మంది బడిపిల్లలను బలిగొన్న మధ్యాహ్న భోజనంలో ఈ రకం మందే అయిన మోనోక్రోటోఫాస్ బయటపడింది. వంటనూనెను పాత మందు డబ్బాలో ఉంచడమే కారణమని అధికారులు అప్పట్లో చెప్పారు. డబ్బా లోపలి గోడ కూడా ఒక ఉపరితలమే.

అణువుల్లోని బంధాలు ఎప్పుడూ కంపిస్తూ ఉంటాయి, ఒక్కో బంధం తన కంపనానికి సరిపడే పరారుణ కాంతినే పీల్చుకుంటుంది. ఫాస్ఫరస్, ఆక్సిజన్ మధ్య ఉండే ద్విబంధం సెంటీమీటరుకు సుమారు 1250 తరంగాల దగ్గర తన గుర్తు వదులుతుంది. ఇలాంటి గుర్తుల వరుసే వర్ణపటం. ఈ పరీక్ష చేసే, చేతిలో పట్టే పరికరంలో చిన్న వజ్రపు ముక్క ఉంటుంది, దానికి ఆనించిన పదార్థపు పైపొరను, అంటే ఒకటి రెండు మైక్రాన్ల మందాన్ని మాత్రమే కాంతి తడుముతుంది. 1994లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన క్వాంటమ్ క్యాస్కేడ్ లేజరు, అంటే పరారుణ కాంతిని వెలువరించే చిన్న లేజరు, వచ్చాక, తాకకుండా దూరం నుంచే పసిగట్టే పరికరాలకూ దారి ఏర్పడింది.

అసలు చిక్కు ఉపరితలంతోనే. రేకు మీద పల్చగా పరుచుకున్న మందు స్పష్టంగా తెలుస్తుంది కానీ, నూలు చొక్కాకు వచ్చేసరికి అందులోని సెల్యులోజే 1000 నుంచి 1160 తరంగాల వరకు గట్టిగా పీల్చుకుని, ఫాస్ఫేటు ఇతర గుర్తులను కప్పేస్తుంది. చెమట తడి మరో అడ్డు, నీటికి 1640 దగ్గర సొంత పట్టీ ఉంది. సిమెంటు గచ్చులో ఉన్న ఇసుక 1100 దగ్గర వర్ణపటాన్నే వంకర తిప్పుతుంది. పైగా డబ్బాలో ఉండేది ఒక్క మందే కాదు, ద్రావకమూ కలిపే నురుగు పదార్థాలూ ఉంటాయి. విదేశాల్లో శుభ్రమైన పలక మీద తీసిన నమూనా వర్ణపటాలను నమ్ముకుంటే మన గోనెసంచి దగ్గర పరికరం తప్పు చెబుతుంది.

కిలోకు 0.01 మిల్లీగ్రామును ఈ పరికరం పట్టలేదు, దానికి అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరు ఉన్న ప్రయోగశాలే దిక్కు. మార్కెట్ గేటు దగ్గర మిర్చిని దీనితో పాస్ చేస్తామనే మాటను నేను ఒప్పుకోను. చొక్కా మీద కంటికి మరకగా కనిపించేంత మందు సంగతి వేరు, అది దీని శక్తికి లోబడిన పనే. నేరుగా తెలియనప్పుడు ఆల్కహాలుతో తడిపిన దూదితో తుడిచి, ఆ రసాన్ని వజ్రం మీద ఆరనిచ్చి చూడవచ్చు.

నల్ల తామర పురుగు 2021లో మిర్చిని ఊడ్చేసినప్పటి నుంచి మందు కొట్టే రోజులు పెరిగాయి. నర్సంపేట వైపు ఒక ఇంటి వాకిట్లో చూశాను: మందు కొట్టే తైవాన్ పంపు కడిగిన నల్లా కిందే బకెట్ పెట్టి, ఒకామె భర్త చొక్కాను పిల్లల బట్టలతో కలిపి నానబెట్టింది. భుజం మీద పంపు పట్టీ ఒరిసిన చోట పసుపు చార ఉంది. "ఒక్కపారి పిండితే పోతదా సారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వరంగల్ నిట్‌లో, కాకతీయ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగాలున్నాయి. మన చొక్కాలు, మన గోనెలు, మన గచ్చుల మీద ఇక్కడ వాడే మందుల వర్ణపటాలను సేకరించే పనిని అవి చేపట్టాలి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. మొదటి నమూనాగా అలాంటి చొక్కానే తీసుకుని, ఉతకకముందు, ఒకసారి ఉతికాక, మూడుసార్లు ఉతికాక ఆ చారను చూసి, ఫలితాన్ని ఆమెకు చెప్పాలి.