మూడింట రెండు వంతుల సోపతి

ఆమ్దార్, అంటే ఎమ్మెల్యే, పార్టీ మారాడని తెలిస్తే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ బస్టాండులో మొదట అడిగే మాట, "ఎవరెవరు పోయిన్రు?" అని. ఎందుకు పోయాడని ఎవరూ అడగరు. ఇది మన జనం వెనకబాటుతనమని చదువుకున్నవాళ్లు బాధపడుతుంటారు. అనవసరం. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలును ఇంత క్లుప్తంగా వ్యాఖ్యానించినవాళ్లు ముంబైలో కూడా లేరు.

1967లో హర్యానాలో గయాలాల్ అని ఒక ఎమ్మెల్యే ఉండేవాడు. పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ఒంటరి మనిషి, ఎవర్నీ అడగనక్కర్లేదు; బుద్ధి పుడితే పోయాడు, పుడితే వచ్చాడు. ఈ జబ్బుకు మందుగా 1985లో 52వ సవరణ తెచ్చారు. ఒక్కడు గోడ దూకితే సభ్యత్వం ఊడుతుంది, మూడింట ఒక వంతు కలిసి దూకితే మాత్రం దాని పేరు చీలిక, తప్పు లేదు. 2003లో 91వ సవరణ ఆ చీలిక సందు మూసేసింది. విలీనం తలుపు ఒక్కటే మిగిలింది, దానికి మూడింట రెండు వంతుల మంది కావాలి. పార్లమెంటు దూకొద్దని ఎక్కడా అనలేదు, ఒంటరిగా దూకొద్దంది. ఒక్కడు పోతే పరారీ, ఊరంతా పోతే జాతర.

పార్టీకి కట్టేయడానికి తెచ్చిన తాడు, అట్లా ఆమ్దార్‌ను పక్క సీట్లో కూర్చున్నవాడికి కట్టేసింది. సోపతిగాళ్లు లేని ఎమ్మెల్యేకు ఈ దేశంలో అంతరాత్మ ఉన్నా పనికిరాదు.

లెక్క చూద్దాం. 2022 జూన్‌లో ఏక్‌నాథ్ షిండే తిరుగుబాటు చేసేనాటికి మహారాష్ట్ర శాసనసభలో శివసేనకు 55 మంది. మూడింట రెండు వంతులంటే 36.67. మనుషుల్లో 0.67 దొరకడు కనుక 37. ఈ ముప్పై ఏడో మనిషి ఎక్కడ దొరుకుతాడన్నదే అసలు శాస్త్రం. పదవులు చూపించి పోగుచేస్తారని తేలిగ్గా అనేస్తారు. పదవులెన్ని? సభ బలంలో 15 శాతానికి మించి మంత్రులు ఉండకూడదు, 288కి 43. అందులో పెద్ద పార్టీ బీజేపీ వాటా పోవాలి. ఆ ఏడాది ఆగస్టు 9న మంత్రివర్గ విస్తరణ జరిగితే షిండే వర్గానికి దక్కినవి తొమ్మిది. షిండేను కలుపుకుంటే పది. వెంట నడిచిన సేన ఎమ్మెల్యేలు ఆయనతో కలిపి నలభై మంది.

మిగతా ముప్పై మంది ఎందుకు పోయినట్టు? డబ్బని మీరంటారు, నా దగ్గర రసీదులు లేవు. "వాడు పోతున్నడు, వీడు పోతున్నడు, నేనొక్కణ్ణే ఈడ ఏం జెయ్యాలె?" అన్న బెంగ కూడా ఉంటుంది. తిరణాలలో తప్పిపోయిన పిల్లవాడి బెంగ అది. కనుక అనుభవజ్ఞులు ముందు పట్టుకునేది అలిగినవాణ్ణి కాదు. అలిగినవాడు ఒక్కడే వస్తాడు. ఎక్కువ ఇళ్లలో భోంచేసినవాణ్ణి పట్టుకోవాలి. ఒకే ఏడు మొదటిసారి గెలిచినవాళ్లు, ఆమ్దార్ నివాస్‌లో పక్కపక్క గదులవాళ్లు, కమిటీ పర్యటనలో ఒకే ప్లేట్లో బజ్జీలు తిన్నవాళ్లు అతని వెనకే వస్తారు. షడ్డకులుంటే మరీ సులువు. ఒకణ్ణి ఒప్పిస్తే రెండోవాణ్ణి వాళ్లావిడే ఒప్పిస్తుంది.

బెడిసికొట్టడమూ ఉంది. అప్పుడు షిండే వెంట సూరత్‌కు బయల్దేరిన ఒకాయన గుజరాత్ సరిహద్దు రాకముందే కారు దిగి వెనక్కి నడిచాడు. ఇంకొకాయన సూరత్ దాకా పోయి తిరిగొచ్చి, నన్ను బలవంతంగా తీసుకుపోయారన్నాడు. ఇద్దరికీ ముంబైలో తెగని బంధుత్వం ఏదో మిగిలి ఉంటుంది. ఇటువంటివాళ్లను కారులో తలుపు పక్కన కూర్చోబెట్టడం ప్రాథమిక తప్పిదం.

మిగిలినవాళ్లు సూరత్ మీదుగా గువాహటి చేరారు. అక్కణ్నుంచి ఒకాయన ఊళ్లో కార్యకర్తతో ఫోన్లో చెట్లేం చెట్లు, కొండలేం కొండలు, హోటలేం హోటలు, అంతా ఓకే అన్న మాట రాష్ట్రమంతా మోగింది. గడ్చిరోలి జిల్లా మనసు మాత్రం చివుక్కుమంది. చెట్లూ కొండలూ మా దగ్గర లేవా? లేనిది ఆ హోటలొక్కటే.

ఇంతా చేసి వాళ్లు విలీనం కానేలేదు. అసలు పార్టీయే మేమన్నారు. 2023 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం పేరూ, విల్లంబుల గుర్తూ వాళ్లకే ఇచ్చింది. 2024 జనవరి 10న స్పీకర్ రాహుల్ నార్వేకర్ రెండు వైపులా ఎవరిపైనా అనర్హత వేటు వేయలేదు. పిల్లది తప్పులేదు, పిలగానిది తప్పులేదు, ఎవరింటికి వాళ్లు పొండ్రి అన్న తీర్పు. అల్లుడి హోదాలో కూర్చున్నవాడు ఇంకేం చెప్తాడు? 2022 జూలైలో కొద్దిరోజులు శాసనసభ అల్లుడు నార్వేకర్ చేతిలో, విధాన పరిషత్తు, అంటే శాసనమండలి, ఆయన పిల్లనిచ్చిన మామ రామరాజే నాయిక్ నింబాళ్కర్ చేతిలో ఉన్నాయి. మామది ఎన్సీపీ, అల్లుడిది బీజేపీ. అల్లుడు అంతకుముందు శివసేనలోనూ, మామగారి ఎన్సీపీలోనూ కాపురం చేసి వచ్చినవాడే.

మా అహేరి నియోజకవర్గం ఇందులో వెనకబడి లేదు. 2023 జూలై 2 ఆదివారం, ఎన్సీపీని చీల్చి ప్రభుత్వంలో చేరిన అజిత్ పవార్‌తో పాటు మంత్రులుగా ప్రమాణం చేసినవాళ్లలో మా ధర్మారావుబాబా ఆత్రం ఒకరు. మరుసటేడు బిడ్డ భాగ్యశ్రీ ఎదుటి వర్గమైన శరద్ పవార్ పార్టీలోకి పోయింది. బిడ్డనూ అల్లుణ్ణీ ప్రాణహితలో పడేయాలని తండ్రి సభలోనే అన్నారు. కోపంలో కూడా పుణ్యనదినే ఎంచుకున్న పెద్దరికం అది. 2022 ఏప్రిల్‌లో ఆ నదికి పుష్కరాలు చేసిన ఊరు మాది. నవంబర్ ఎన్నికలకు తండ్రి ఒక గుర్తు మీద, బిడ్డ ఒక గుర్తు మీద, కొడుకు వరసైన అంబరీశ్‌రావు స్వతంత్రుడిగా నిలబడ్డారు. తండ్రే గెలిచారు. ఇది నిజమైన పగా, ఇంటిల్లిపాదికీ చేయించిన బీమానా అన్న విషయంలో బస్టాండు పండితులు చీలిపోయారు. మూడింట ఒక వంతే కనుక ఆ చీలిక చెల్లదు.

మా కన్నా పడమర, చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా అంచున పరందోళి, అంతాపూర్ వైపు పల్లెలున్నాయి. మహారాష్ట్ర మావంటుంది, తెలంగాణ కెరమెరి మండలంలోవంటుంది. ఓటరు జాబితాల్లో పేర్లు రెండు వైపులా ఉన్నాయి, రేషన్ కార్డులూ అంతే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండరాదు. ఈ సెక్షన్‌లో మూడింట రెండు వంతుల మినహాయింపు లేదు. ఊరు ఊరంతా కలిసొచ్చినా పేరు కొట్టేస్తారు. ఆమ్దార్లకు షెడ్యూలు, వీళ్లకు సెక్షన్.

ఇకపై ఆమ్దార్ ఇంటినుంచి పెళ్లిపత్రిక వస్తే వధూవరుల పేర్లు తర్వాత చూడండి. కింద ఆహ్వానించువారి పేర్లుంటాయి, పెన్సిల్ తీసుకుని పార్టీలవారీగా టిక్కులు పెట్టండి. పెళ్లినాడు పందిట్లో తలలు లెక్కపెట్టి సరిచూసుకోండి. ముప్పై ఏడు చేరితే విస్తరి ముందు కూర్చోకండి, వడ్డించేలోపే బస్సులు కదులుతాయి. ముప్పై ఆరు దగ్గర ఆగిందా, నిమ్మళంగా తిని రండి.