వాయిడ్ పాయింటర్ గారికి ఓ బాధితుడి లేఖ

వాయిడ్ పాయింటర్ గారూ, నమస్కారమండీ.

నేనెవరో మీకు గుర్తుండదు, ఎవరినీ గుర్తుపెట్టుకోకపోవడమే మీ ఉద్యోగం: సీ ప్రోగ్రామింగ్ భాషలో మెమరీలోని ఏ డేటా చిరునామానైనా మోస్తారు, అది ఏ రకం డేటానో మాత్రం పట్టించుకోరు. 1989లో సీ భాష నియమావళి అయిన ఆన్సీ స్టాండర్డ్ మిమ్మల్ని కొలువులోకి తెచ్చేదాకా ఆ చాకిరీ పాపం అక్షరాల చిరునామాలు మోసే క్యారెక్టర్ పాయింటర్ చేసేది.

మొన్నటి సంగతి చెప్తా. కాల్‌బ్యాక్‌కి (తర్వాత పిలవమని అప్పగించే ఫంక్షన్‌కి) మీ ద్వారా కనెక్షన్ స్ట్రక్ట్ (కనెక్షన్ వివరాల కట్ట) ఇవ్వాల్సిన చోట టైమర్ స్ట్రక్ట్ ఇచ్చాను. తప్పు నాదే. కానీ మీరు ఒక్క మాటైనా అన్నారా? సీలో మీ దగ్గరికి రావడానికీ, మీ దగ్గర్నుంచి పోవడానికీ కాస్ట్ (రకం మారుస్తున్నానని కోడ్‌లో రాసి చెప్పడం) అక్కర్లేదు, అందుకని కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ కూడా నోరు మెదపలేదు. టైమర్‌లో ఇంకెన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే అంకె 3 ఉంది, దాన్ని ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి సిస్టమ్ ఇచ్చే నంబరు) అనుకుని క్లోజ్ చేసేసింది నా కోడ్. 0, 1, 2 ఇన్‌పుట్, ఔట్‌పుట్, ఎర్రర్లకి ముందే బుక్ అయిపోయి ఉంటాయి కాబట్టి ప్రోగ్రాం మొట్టమొదట తెరిచిన ఫైలుకి 3 వచ్చింది, అదేమో జరిగినదంతా రాసుకునే లాగ్ ఫైల్! అంటే నేరం జరిగిన క్షణంలోనే సాక్షి నోరు మూసేశారన్నమాట. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి చూశా, అంతా ప్రశాంతం: చదివింది కేటాయించిన మెమరీలోనే, ఇంక దానికేం అభ్యంతరం?

ఇప్పుడు ప్రతి స్ట్రక్ట్‌లో మొదటి ఫీల్డుగా అది ఏ రకమో చెప్పే ఓ మ్యాజిక్ నంబర్ పెట్టుకున్నా, పశువుకి ముద్ర వేసినట్టు. మొదటి ఫీల్డుకి ముందు ప్యాడింగ్ (ఖాళీ బైట్లు) ఉండదని స్టాండర్డే హామీ ఇస్తుంది, కాబట్టి ఫంక్షన్‌లోకి రాగానే ముందు ముద్ర చూసి, తేడా ఉంటే అక్కడే ఆపేస్తా. షరతు తప్పితే ప్రోగ్రాంని ఆపేసే అసర్ట్‌తో కాదు లెండి, రిలీజ్ బిల్డ్‌లో (కస్టమర్‌కి ఇచ్చే ప్రోగ్రాంలో) అసర్ట్‌లని తీసేసే ఎన్‌డీబగ్ పెడితే ఆ కాపలావాడు సరిగ్గా కస్టమర్ దగ్గరికి వెళ్లే రోజే సెలవు పెడతాడు. మెమరీని ఫ్రీ చేసేముందు (తిరిగి ఇచ్చేసేముందు) ముద్ర చెరిపేద్దామనుకున్నా, ఎలాగూ పోయే మెమరీలో ఈ రాతలెందుకని, అనవసరమైన పనిని తీసేసే ఆప్టిమైజర్ ఆ లైనునే చెరిపేసింది. సీ11లో (2011 నాటి సీ స్టాండర్డ్‌లో) వచ్చిన, రకాన్ని బట్టి దారి ఎంచుకునే జెనెరిక్‌ని అడిగితే అది కంపైల్ అయ్యేటప్పుడే చూస్తుంది, మిమ్మల్ని చూసి 'వాయిడ్ పాయింటరండీ' అంటుంది. అది నాకూ తెలుసు!

అన్నిటికంటే కడుపు మండేది ఇది: ఆ ముద్ర నాలుగు బైట్లు చదవాలన్నా, మీరు చూపించే చోట కనీసం నాలుగు బైట్లు బతికి ఉన్నాయని ముందు మిమ్మల్నే నమ్మాలి. దొంగని గుర్తుపట్టడానికి దొంగనే దారి అడగడం.

సరే, రేపు పొద్దున మెమరీ కేటాయించే మాలాక్ దగ్గర ఎలాగూ కలుస్తాం.

ఇట్లు,
మీ చేతిలో పడి టైమరైపోయిన ఒక కనెక్షన్ తాలూకు మనిషి