పదహారు గడుల్లో పట్టని డోలు దెబ్బ

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినప్పుడు మల్లన్న కథలు చెప్పే ఒగ్గుకథలో ఒగ్గుడోలు కొట్టే ఒక పెద్దాయనను అడిగి, ఆయన వాయిద్యాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. హన్మకొండలోని మా అద్దె గదికి వచ్చాక మిత్రులతో కలిసి ఆ దెబ్బలన్నిటినీ కంప్యూటర్‌లో ముక్కలుగా కోసి, కొలతకు సరిగ్గా అతికించి, కింద హౌస్ అనే డ్యాన్స్ సంగీతపు కిక్ (అడుగున దుమ్‌మనే డ్రమ్ దెబ్బ) పెట్టి, పైన సింథ్ (ఎలక్ట్రానిక్ స్వరాలు పుట్టించే వాయిద్యం) పరిచాం. వారంలో ట్రాక్ తయారైంది. మాకు చాలా నచ్చింది. నెల తర్వాత ఆయన ఊరికి పోయి వినిపించాను. మొత్తం విని, ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి ఒక్కటే మాట అన్నారు: "దెబ్బ నాదే గని బిడ్డా, నడక నాది గాదు."

అప్పటినుంచి నేను ఈ మాట చుట్టే తిరుగుతున్నాను. జానపదాన్ని ఎలక్ట్రానిక్ సంగీతంతో కలపాలనుకునే కుర్రాళ్లు వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు చాలామంది ఉన్నారు. ఎవరిని కదిలించినా మొదట చెప్పేది డబ్బు లేదనే. అది నిజమే. కానీ మన పాటలన్నీ ఒకేలా వినిపించడానికి కారణం అది కాదని నా అభిప్రాయం. దేనికి ఖర్చు తగ్గించుకోవచ్చో అక్కడ పెడుతున్నాం. దేనికి తగ్గించకూడదో అక్కడ పూర్తిగా ఎగ్గొడుతున్నాం.

సాఫ్ట్‌వేర్‌కు ఇవాళ దాదాపు ఖర్చే లేదు. పాట కూర్చే ఎల్ఎంఎంఎస్, సింథ్ సాఫ్ట్‌వేర్ సర్జ్ ఎక్స్‌టీ ఉచితం. వైటల్ సింథ్‌కు ఉచిత వెర్షన్ ఉంది. ఫోన్‌లోనే పని కానిచ్చేవాళ్లకు బ్యాండ్‌ల్యాబ్ ఉంది. మేం వాడిన ఎల్ఎంఎంఎస్‌లో నేరుగా రికార్డు చేసే వీలు లేదు కాబట్టి ఆ పని ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకున్నాం. డబ్బు పెట్టి కొనే ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట సేవ్ అవుతుంది గానీ, మూసేశాక మళ్లీ తెరుచుకోదు. అందుకే చాలామంది క్రాక్ (దొంగ కాపీ) వైపు పోతారు. నేనూ పోయాను. వైరస్ పట్టి ఆరు నెలల పని పోయింది. ఇక నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద చేసేవాళ్లు ఒక్కో సింథ్ పని అయిపోగానే దాన్ని ఆడియో ఫైల్‌గా మార్చి, సింథ్‌ను ఆపేస్తే చాలు, బండి నడుస్తుంది.

గది విషయంలో మాత్రం వరంగల్‌లో ఉండటం కలిసొచ్చింది. స్టూడియో ఫోమ్ పలకలు కొనే బదులు కొత్తవాడ జంపఖానాలు తెచ్చి గోడలకు వేలాడదీశాం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది, మందపాటి నూలు. గోడకు బెత్తెడు ఎడం వదిలి రెండు మడతలుగా కడితే గొంతు, తాళాల ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. బేస్‌ను, అంటే మంద్రపు మోతను, అవి ఆపలేవు. మూలల్లో పాత దూది పరుపులు నిలబెడితే కొంత నయమైంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే, కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత కూడా చాలావరకు పోతుంది.

ఫోన్‌తో రికార్డు చేయడం తప్పేమీ కాదు. అయితే డోలు ముందు ఫోన్ పెడితే పెద్ద దెబ్బ పడగానే అది తనంతట తానే శబ్దాన్ని అణిచేసి, ఆ తర్వాత మెల్లగా పెంచుతుంది. వింటే డోలుకు ఊపిరాడనట్టు ఉంటుంది. ఈ ఆటో గెయిన్‌ను ఆపే వీలున్న యాప్ తీసుకుని, వేవ్ ఫార్మాట్‌లో, ఆరేడు అడుగుల దూరం నుంచి, కాస్త పక్కగా నిలబడి రికార్డు చేయాలి. డప్పయితే మంట మీద కాచిన వెంటనే పని మొదలుపెట్టాలి. చల్లబడేకొద్దీ తోలు వదులై శ్రుతి దిగిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్ మీద వరసగా పదహారు మీటలుంటాయి. ఒక్కో మీట ఒక్కో గడి. నాలుగేసి గడులకు ఒక కిక్ పెడితే హౌస్ నడక వచ్చేస్తుంది. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో, తెరవగానే కనిపించేది అవే పదహారు గడులు. ఊరేగింపుల్లో డప్పు మీద కొట్టే మన తీన్‌మార్‌ది అలా కాదు, ఆరు మాత్రల నడక. పేరులోనే మూడు దెబ్బలున్నాయి. దాన్ని పదహారు గడుల్లో కుక్కాలంటే ఎక్కడో ఒకచోట దెబ్బను పక్కకు జరపాల్సిందే. జరిపినంత మాత్రాన పాట చెడిపోయినట్టు అనిపించదు. వినడానికి బాగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ కాలు ఆడే తీరు మారిపోతుంది. పెద్దాయన చెవికి అందిన తేడా అదే.

మేం మళ్లీ మొదలుపెట్టినప్పుడు బార్‌ను (తాళం ఒక చుట్టును) పదహారుకు బదులు పన్నెండు గడులుగా కోశాం. ఒకటి, నాలుగు, ఏడు, పది గడుల్లో కిక్ పెడితే అది నాలుగు దెబ్బల హౌస్ నడకే. అదే పన్నెండును డోలు ఒకచోట రెండేసి గడులుగా ఆరుకు, ఇంకోచోట నాలుగేసి గడులుగా మూడుకు పంచుకుంటుంది. నాలుగూ మూడూ ఒకే బార్‌లో పక్కపక్కనే నడిచి, మొదటి గడిలో మళ్లీ కలుసుకుంటాయి. రెండు సంగీతాలను కలపడమంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. ఒకదాని మీద ఇంకోదాన్ని అతికించడం వేరు, రెండూ కలుసుకునే చోటు వెతకడం వేరు.

వేగం సంగతి ఇంకా కష్టం. ఒగ్గుకథలో డోలు గడియారాన్ని చూసి నడవదు. కథ వేడెక్కిన చోట ఉరుకుతుంది, వచనం దగ్గర నెమ్మదిస్తుంది. మా రికార్డింగ్‌లో వేగం నిమిషానికి 118 దెబ్బల దగ్గర మొదలై 131 దాకా పోయింది. దెబ్బలను గడులకు సర్దేసే క్వాంటైజ్ మీట నొక్కి మేం దాన్నంతా 124 దగ్గర చదును చేసేశాం. రెండోసారి ఆ పని తిరగేశాం. డోలు దెబ్బల వెంట టెంపో గీతను చేత్తో గీసి, కిక్, సింథ్‌లే దాని వెనక నడిచేలా చేశాం. ఆరు నిమిషాల ట్రాక్‌కు మూడు రాత్రులు పట్టింది. పైసా ఖర్చు కాలేదు.

లేమిలోంచి కొత్త సంగీతం పుట్టడం ఇదివరకూ జరిగింది. బేస్ గిటార్‌కు బదులుగా పనికొస్తుందని రోలాండ్ తెచ్చిన టీబీ-303 యంత్రం సరిగా అమ్ముడుపోక 1984లో ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికిన ఆ పెట్టెల నాబ్‌లను షికాగో కుర్రాళ్లు ఇష్టమొచ్చినట్టు తిప్పారు. అందులోంచి ఆసిడ్ హౌస్ అనే కొత్త రకం హౌస్ సంగీతం వచ్చింది. అంతకంటే ముందే, 1982లో, ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అదే 303ని, 808ని పెట్టుకుని హిందుస్తానీ రాగాలు వాయించారు. ఆయన రాగాన్ని ముక్కలు చేసి బీట్ మీద చల్లలేదు. రాగం తన దారిన తాను నడిచింది, యంత్రం దాని కింద నిలబడింది. అప్పట్లో పెద్దగా ఎవరూ వినలేదు. రెండు దశాబ్దాలకు పైగా గడిచాకే ప్రపంచం ఆ పనిని గుర్తించింది.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. డీజే మిక్సుల్లో, యూట్యూబ్ జానపదాల్లో అవే సాంపిల్ ప్యాకులు (ముందే రికార్డు చేసి అమ్మే దెబ్బల కట్టలు). వరంగల్ పాట కింద పంజాబీ ఢోల్ మోగుతుంది. కుడిచేతి సిర్ర కర్రకూ ఎడమచేతి సిటికెన పుల్లకూ తేడా వినిపించే డప్పు నేను కొన్న ఏ ప్యాకులోనూ లేదు. అది కావాలంటే ఊళ్లోకి పోయి వాయించే మనిషిని అడగాలి. అడిగితే డబ్బులివ్వాలి. మన బడ్జెట్‌లో ఆ వరస ఉండదు.

చేతిలో పదివేలుంటే మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ కొనేస్తాం. ఆ పదివేలలో సగానికి పైగా వాద్యకారుడికే ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మైకు అద్దెకు దొరుకుతుంది, ఫోన్‌తోనూ పని నడుస్తుంది. చట్టం కూడా కళాకారుడి వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం, 1999 సవరణ తర్వాత, ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద యాభై ఏళ్ల హక్కు ఇస్తోంది. తరాలుగా వస్తున్న పాటకు రచయిత ఎవరో తెలియకపోవచ్చు గానీ, దాన్ని పాడిన గొంతు, కొట్టిన చెయ్యి ఎవరివో మనకు తెలుసు. మేమిప్పుడు తెలుగులో ఒక పేజీ కాగితం రాసుకుంటున్నాం: ఎంత ఇచ్చాం, పేరు ఎక్కడ వేస్తాం, ట్రాక్ మీద ఆదాయం వస్తే ఎంత వాటా. ఆయనకు చదివి వినిపించి, ఒక ప్రతి ఆయన దగ్గరే ఉంచుతాం.

తొందర కూడా ఉంది. గోండుల గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు 2024లో కన్నుమూశారు. ఆదిలాబాద్ దండారీ పండుగల్లో గుమేల, తుడుం, పెప్రె వాయిద్యాలు మోగించే పెద్దవాళ్ల దగ్గరికి మంచి మైకు, చేతిలో డబ్బు పట్టుకుని ఎంతమంది పోతున్నాం? 2024లోనే హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం మొదలైంది. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఇలాంటి చోట శబ్దం బయటి నుంచి రాని ఒక చిన్న గది, రెండు మైకులు పెట్టి, గంటకు వంద రూపాయల లెక్కన కుర్రాళ్లకు తెరిస్తే, కళాకారులు వచ్చినప్పుడు వాళ్ల కూలి అక్కడే చేతికందేలా చేస్తే, అంతకంటే పెద్ద ప్రోత్సాహకం మేం అడగం.

రెండో ట్రాక్‌ను మళ్లీ పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి ఇయర్‌ఫోన్లు తీయలేదు. అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నారు. రెండోసారి మధ్యలో చెయ్యెత్తి ఆపమని, "కింద ఆ దుమ్‌దుమ్ జర తగ్గియ్యి బిడ్డా, మావోని తాళం ఇనవడ్తలేదు" అన్నారు. ఆయన పక్కన తాళం వేసిన మనిషిని మేం అంతవరకు వినలేదు. ఆ రాత్రి కిక్‌ను మూడు డెసిబెల్స్ తగ్గించాం. తాళం వినిపించింది. కాగితంలో రెండో పేరు రాశాం.