కాకిని ‘తాతి’ అంటే ముద్దు, కళ్ళను ‘కండ్లు’ అంటే గుద్దు

పిల్లల మాట తప్పుల మీద పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎప్పటి నుంచో ఒక న్యాయవ్యవస్థ నడుస్తోంది. దీనికి రెండు బెంచీలు. ఒకటి ఇంటి అరుగు, రెండోది బడి. నాలుగేళ్ళు దాటిన పిలగాడు గద్వాల కోటను చూసి ‘దద్వాల తోట’ అన్నాడనుకోండి, కేసు అరుగు ముందుకొస్తుంది. అరుగు పకపకా నవ్వి, "ఇంకోసారి అను బిడ్డా" అని ఫోన్లో వీడియో తీసుకుని కేసు కొట్టేస్తుంది. అదే పిలగాడు బడిలో ‘కండ్లు’, ‘శెట్టు’, ‘శేను’ అన్నాడా, వీపు విమానం మోత.

తీర్పులు రెండూ తలకిందులే. ‘శెట్టు’ వాడు నాయనమ్మ దగ్గర నేర్చుకున్న మాట. అది యాస, రోగం కాదు. ఇంట్లో ఎవరి నోటా రాని ‘తాతి’, ‘తుత్త’, ‘దోడ’ మీదే విచారణ జరగాలి. నాలుక వెనక భాగం లేచి అంగిలిని తాకితే క, గ పుడతాయి. ఆ పనిని నాలుక కొసకు అప్పజెప్పి త, ద లతో సరిపెట్టుకోవడం రెండు మూడేళ్ళ వయసులో మామూలే. మూడున్నర ప్రాంతానికి అది సర్దుకోవాలి. నాలుగు దాటినా ఊళ్ళో ప్రతి కుక్కా ‘తుత్త’గానే తిరుగుతుంటే మాట సరిదిద్దే స్పీచ్ థెరపిస్టుకు చూపించాల్సిందే. ర సంగతి వేరు, క్ష లాంటి జంటలదీ అంతే. అవి నింపాదిగా వచ్చే చుట్టాలు.

అరుగు బెంచికి సాక్షుల కొరత లేదు. "వాని మేనమామకు గుడ ఐదేండ్లకే మాటలొచ్చినయ్" అని మొదటి సాక్షి. రెండో సాక్షి వసకొమ్ము అరగదీయమంటుంది, పిల్ల వసపిట్ట అవుతుందట. వసలో బీటా అసరోన్ అనే హానికర రసాయనం ఉందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించిన సంగతి అరుగుదాకా రాలేదు. మూడో సాక్షి నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళను బోనెక్కిస్తుంది. ఆ నీళ్ళ మీద పండ్లకు గార పట్టించిన కేసు ఉంది, ఎముకలు వంచిన కేసూ ఉంది. క ను త చేసిన కేసు మాత్రం వాటి మీద నిలవదు. ఇక నాలుగో సాక్షి శస్త్రచికిత్సా నిపుణుడు. "నాలుక కింద నరం అంటుకుంది, కోయించాలె" అంటాడు. క పుట్టేది నాలుక వెనక, ఆ నరం ఉండేది కొస కింద. తలుపు గడియ పడటం లేదని కిటికీ ఊడబీకినట్టు! పిల్లవాడు ల, న శుభ్రంగా పలుకుతుంటే కొస పైకి అందుతున్నట్టే. నరం నిర్దోషి.

తల్లి సాక్ష్యం చెల్లదు, ఆమెకు నూటికి నూరూ అర్థమవుతుంది. చెల్లేది బస్సులో పక్కసీటు మనిషి సాక్ష్యం. పిల్ల మాటల్లో ఆయనకు రెండేళ్ళప్పుడు సగం, మూడేళ్ళకు ముప్పావు, నాలుగేళ్ళకు దాదాపు అంతా తెలియాలి.

అందరికంటే ముందు పిలవాల్సిన నిందితుడు చెవి. "పళ్ళెం కొడితే తిరిగిండు, చెవులు మంచిగనే ఉన్నయ్" అంటారు. పళ్ళెం మోత వాడకంతా వినిపిస్తుంది. స శబ్దం సన్నది, దాని బలమంతా 4000 హెర్ట్జ్ పైన. శబ్దం ఎంత సన్నదైతే హెర్ట్జ్ లెక్క అంత ఎక్కువ. ఆ ఎత్తులో వినికిడి తగ్గిన పిల్లకు పళ్ళెం వినబడుతుంది, ‘సబ్బు’లో స వినబడదు. జలుబు వదలని పిల్లల్లో కర్ణభేరి వెనక జిగురు నీరు చేరితే వినికిడి ఒక వారం ఉంటుంది, ఒక వారం తగ్గుతుంది. అందుకే 1000, 2000, 4000 హెర్ట్జ్ శబ్దాలను 20 డెసిబెల్స్ అంత మెల్లగా వినిపించి చూస్తారు. బదులు చెప్పలేని పసివాళ్ళకు నిద్రలో చేసే బెరా ఉంది, శబ్దానికి మెదడు స్పందిస్తోందా అని చూసే పరీక్ష.

తర్వాత టార్చి వేసి నోరు. కొండనాలుక రెండుగా చీలి, మాట ముక్కులోంచి వస్తుంటే, పైపొర మాటున దాగిన అంగిలి చీలికను అనుమానించాలి. పెదవులు, నాలుక ఎంత చురుగ్గా కదులుతున్నాయో చూడటానికి ‘ప-త-క, ప-త-క’ అని గబగబా అనిపిస్తారు. ఒకే మాటను మూడుసార్లు పలికిస్తారు. ‘మామిడికాయ’ మూడుసార్లూ ‘మామిడితాయ’ అయితే తప్పుకు ఒక పద్ధతి ఉన్నట్టు. మొదట ‘మాదిమాయ’, తర్వాత ‘బామితా’, ఆ పైన ‘ముమిడా’ అయి అచ్చులు కూడా చెదురుతుంటే అప్రాక్సియా కావచ్చు. అంటే కండరాల్లో బలం ఉన్నా, ఏది ముందు ఏది వెనక అన్న లెక్క కుదరడం లేదు. రెండింటికీ ఒకే చికిత్స పనికిరాదు.

బొమ్మలు చూపించి ప్రతి హల్లునూ మాట మొదట్లో, నడుమన వింటారు. ఇంటర్నెట్లో దొరికే ఇంగ్లిష్ ఫారాల్లో మాట చివరి హల్లుకూ ఒక గడి ఉంటుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ గడి ఖాళీగా ఉన్నందుకు పిల్లను తిట్టకండి. పలికిన 100 హల్లుల్లో సరైనవి 85 దాటితే సమస్య స్వల్పం, 50కి తగ్గితే తీవ్రం.

చికిత్సలో కోట బొమ్మ, తోట బొమ్మ పక్కపక్కన పెడతారు. కోట కావాలనుకుని ‘తోట’ అన్నవాడి చేతికి తోటే ఇస్తారు. అరుగు మీద ఎవరూ ఇవ్వని మర్యాద ఇది, వాడి మాటను వాడన్నట్టే తీసుకోవడం. క రాకపోతే వెల్లకిలా పడుకోబెట్టి పలికిస్తారు, నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వచ్చినప్పుడు బరువు తూచి పంపేయకుండా మాట కూడా వినమని అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో అలీ యావర్ జంగ్ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వెళ్ళేటప్పుడు ఆ ఫోన్ మరిచిపోవద్దు. నిరుటి ‘దద్వాల తోట’, ఈ యేటి ‘దద్వాల తోట’ పక్కపక్కన వినిపిస్తే థెరపిస్టుకు సగం చరిత్ర దొరికినట్టే. వెనక వినిపించే మన నవ్వులు వాళ్ళకు అలవాటే.