ముందు పాట, తర్వాత గాయని

టీవీ పాటల పోటీలో గెలిచినవాళ్ల తొలి సింగిల్ (ఆల్బమ్ కాకుండా విడిగా విడుదల చేసే పాట) అనగానే సంగీత విమర్శకులు మూతి ముడుచుకుంటారు. ఇది ఘోరమైన అన్యాయం. అంత పకడ్బందీగా తయారయ్యే సరుకు సంగీతలోకంలో ఇంకోటి లేదు. ఆ ప్రణాళికలో సగం ఉన్నా పోలవరం ఈపాటికి పూర్తయ్యేది.

2002లో అమెరికన్ ఐడల్ మొదటి సీజన్ సంగతే చూడండి. ఫైనల్‌కి మిగిలింది కెల్లీ క్లార్క్‌సన్, జస్టిన్ గ్వారినీ. ఎవరు గెలుస్తారో ఇంకా తేలలేదు గానీ, గెలిచినవాళ్లు విడుదల చేయాల్సిన పాట 'ఎ మొమెంట్ లైక్ దిస్' మాత్రం సిద్ధం. దాన్ని ఇద్దరి చేతా పాడించారు. పెళ్లికూతురు ఎవరో తేలకముందే శుభలేఖలు అచ్చేయించినట్టన్నమాట. జనం ఓట్లేశారు, కెల్లీ గెలిచింది, పాట అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 52వ స్థానం నుంచి ఒక్క వారంలో ఒకటికి దూకింది. 1964లో 27 నుంచి ఒకటికి ఎగబాకిన బీటిల్స్ రికార్డు గల్లంతు. వాళ్ల తప్పు వాళ్లదే. ముందు ఏదైనా పోటీలో పాల్గొని ఉండాల్సింది.

మనుషులు జీవితమంతా ఎదురుచూసే ఒకే ఒక్క క్షణం గురించిన పాట అది. నాలుగేళ్లకి బ్రిటన్‌లో ఎక్స్ ఫ్యాక్టర్ అనే పాటల పోటీ గెలిచిన లియోనా లూయిస్‌కి తొలి సింగిల్‌గా అదే పాట ఇచ్చారు. సముద్రానికి ఇవతల ఆ క్షణాన్ని ఎవరూ వాడలేదు కాబట్టి కొత్తదే అనుకోవాలి.

సాహిత్యానికీ నియమావళి ఉంది, విజేతల పాటల పేర్లే చూడండి. 2003లో రూబెన్ స్టడ్డర్డ్ రెక్కలు లేకుండా ఎగిరాడు. 2005లో షేన్ వార్డ్ లక్ష్యం పెట్టుకున్నాడు. 2009లో జో మెకెల్డరీ కొండెక్కాడు. ఇంటద్దె, అప్పులు, అత్తగారు లాంటి విషయాల జోలికి విజేత పోకూడదు. 2010లో మ్యాట్ కార్డిల్‌కి ఒక స్కాటిష్ రాక్ బృందం పాట ఇచ్చారు. అసలు పేరులో 'హారర్' అనే మాట ఉంది, ఇతని గొంతులోకి వచ్చేసరికి పేరే మారిపోయింది. ఇక చివరి పల్లవికి శ్రుతి పెరగాలి, వెనక కోరస్ లేవాలి, ముందు వరసలో అమ్మ ఏడవాలి. ఏడవకపోతే ఏడ్చేదాకా కెమెరా అక్కడే ఆగుతుంది.

మనవాళ్లు ఈ విషయంలో బాగా వెనకబడ్డారు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైతే, బాలుగారు పిల్లల్ని కూర్చోబెట్టి గమకం ఎక్కడ జారింది, ఆ మాట ఎలా పలకాలి అని చెప్పేవారు. ఎంత టైమ్ వేస్ట్! ఆ కాస్త సమయంలో పిల్లాడు వానలో స్లోమోషన్‌లో నడిచే సీను వేసుంటే ఓట్లన్నా పడేవి.

బ్రిటన్‌లో ఒకసారి తిరుగుబాటు జరిగింది. 2005 నుంచి వరసగా నాలుగేళ్లు క్రిస్మస్ నంబర్ వన్ (క్రిస్మస్ వారం అమ్మకాల్లో మొదటి స్థానం) ఎక్స్ ఫ్యాక్టర్ విజేతలదే కావడంతో, 2009లో ఒక జంట ఫేస్‌బుక్‌లో ఉద్యమం లేపారు. జో మెకెల్డరీ పాటకి పోటీగా రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ బృందం 1992 నాటి పాటను కొనమన్నారు. 'మీరు చెప్పింది నేను చెయ్యను' అని అరిచే ఆ పాట, ఎవరో చెప్పినందుకు ఐదు లక్షల కాపీలు అమ్ముడుపోయింది. సుమారు 50 వేల తేడాతో గెలిచింది కూడా. వ్యవస్థ కూలిందని జనం పండగ చేసుకున్నారు.

జో పాట రికార్డు కంపెనీ సోనీ వాళ్లది. రేజ్ పాట కూడా సోనీ వాళ్లదే. అభిమానులకీ తిరుగుబాటుదారులకీ ఒకే కౌంటర్లో బిల్లు కొట్టారు.