మట్టి పరీక్ష అంటే ఉత్త సంతకమేనా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

సివిల్ చదివే తమ్ముళ్లకు సీనియర్ హెచ్చరిక అంటూ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మా బాబాయి కూడా "ఇది నీ గురించేనా?" అని పంపాడు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. జియోటెక్నికల్‌లో (అంటే నేల, పునాదుల ఇంజనీరింగ్‌లో) ఎంటెక్ చేసి గవర్నమెంట్‌లో చేరితే ఆ చదువు దండగ, ఎందుకంటే అక్కడ అలాంటి పోస్టే లేదు. మట్టి పరీక్ష అంటే కాంట్రాక్టర్ తెచ్చిన కాగితం మీద సంతకం, రిపోర్టు ముందే రాసి ఉంటుంది. కాకతీయులు ఏ పరీక్షలు చేసి చెరువులు కట్టారు? మేడిగడ్డ చూశారుగా, సర్కారీ ఇంజనీర్లకు మట్టి తెలియదు, ఆ పనంతా ఐఐటీలకూ కన్సల్టెంట్లకూ ఇచ్చేయాలి. పైగా జీతం చాలదు.

ఇందులో సగం నిజాలు కొన్ని ఉన్నాయి, అందుకే ఇంతమంది నమ్ముతున్నారు. నీటిపారుదల శాఖలో ఉంటూ ఈ పని దగ్గర నుంచి చూస్తున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందుగా పోస్టు సంగతి. రాష్ట్రంలో మీరు చేరేది ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా. ఆర్డరు మీద జియోటెక్నికల్ అనే మాట ఉండదు, నిజమే. కాలువ మీద వేయొచ్చు, క్వాలిటీ కంట్రోల్‌లో వేయొచ్చు, సెంట్రల్ డిజైన్స్ ఆర్గనైజేషన్‌లో వేయొచ్చు, హైదరాబాద్‌లో హిమాయత్‌సాగర్ దగ్గరున్న ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబ్స్‌లో వేయొచ్చు. కానీ బోర్డు మీద పేరు లేనంత మాత్రాన పని లేనట్టా? కేంద్రంలో అయితే పేరుతో సహా ఉంది. ఢిల్లీలో సీఎస్ఎంఆర్ఎస్ (సెంట్రల్ సాయిల్ అండ్ మెటీరియల్స్ రీసెర్చ్ స్టేషన్) ఉన్నదే మట్టి, రాయి, కాంక్రీటు పరీక్షల కోసం. లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్ఓలో జియోటెక్నికల్‌కి విడిగా డైరెక్టరేటే ఉంది.

ఇక చదువు దండగ అన్నవాళ్లు ఖోస్లా పేరు మర్చిపోయినట్టున్నారు. ఇసుక మీద బ్యారేజీ కడితే కింద నుంచి నీరు ఎంత ఒత్తిడితో పైకి తంతుందో, ఎక్కడ ఇసుకను లేపుకుపోతుందో లెక్కకట్టే పద్ధతి మనం బీటెక్‌లో చదివింది ఆయన పేరుమీదే. ఏఎన్ ఖోస్లా పంజాబ్ నీటిపారుదల శాఖ ఇంజనీరు. అప్పర్ చీనాబ్ కాలువ మీద అంతకుముందు వాడుకలో ఉన్న బ్లై సిద్ధాంతం ప్రకారం కట్టిన సైఫన్లు (కాలువ, వాగు ఒకదాని కింద ఒకటి దాటే కట్టడాలు) 1926-27 ప్రాంతంలో ఇబ్బంది పెడుతుంటే, అడుగున గొట్టాలు దింపి ఒత్తిడి కొలిపించారు. కొలతలు సిద్ధాంతంతో కలవలేదు. అప్పుడు సిద్ధాంతాన్నే పక్కన పెట్టారు. 1936లో బోస్, టేలర్‌లతో కలిసి కొత్త పద్ధతి ప్రచురించారు. ఇదంతా సర్కారు జీతం మీద ఉంటూ, సర్కారు కాలువ మీద చేసిన పనే.

"రిపోర్టు ముందే రాసి ఉంటుంది." ఈ మాట మీద కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే వండి వార్చిన రిపోర్టులు ఉన్న మాట వాస్తవం. ఒక బోర్‌హోల్‌లోని అంకెలే పక్క బోర్‌హోల్‌లో దశాంశాలతో సహా దిగిపోయిన రిపోర్టు ఒకసారి నా టేబుల్ మీదకే వచ్చింది. ఏ ఏజెన్సీదో ఇక్కడ అనవసరం. దాన్ని వెనక్కి పంపింది మా ఆఫీసే, మళ్లీ బోర్లు వేయించింది కూడా మేమే. ఫార్వర్డ్ రాసినాయన దొంగ రిపోర్టుల గురించి చెప్పాడు గానీ వాటిని పట్టుకోవడం ఎవరి ఉద్యోగమో రాయలేదు.

పట్టుకోవాలంటే పని తెలియాలి. ఎస్‌పీటీ తీసుకోండి, నేల ఎంత గట్టిదో చూసే స్టాండర్డ్ పెనిట్రేషన్ టెస్ట్ అది. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలాలి, గొట్టం 15 సెంటీమీటర్ల చొప్పున మూడు విడతలు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టాలి, మొదటి విడత వదిలేసి మిగతా రెండూ కలిపితే వచ్చేది ఎన్ వాల్యూ. వినడానికి ఇంతే. కానీ తాడు లాగే మనిషి మధ్యాహ్నానికి అలిసిపోయి సుత్తిని సగం ఎత్తు నుంచే వదిలేస్తే దెబ్బలు ఎక్కువ పడతాయి, మెత్తని నేల కాగితం మీద గట్టి నేల అయిపోతుంది. ఇసుక నేలల్లో భూగర్భజలం కింద బోరు వేస్తూ లోపలి నీటిమట్టాన్ని పడిపోనిస్తే అడుగు నుంచి ఇసుక ఉబికి వదులైపోతుంది, అప్పుడు దీనికి రివర్స్‌లో గట్టి ఇసుక మెత్తగా కనిపిస్తుంది. అదే తెలంగాణ గ్రానైట్ నేలల్లో అయితే ఇంకో తలనొప్పి. మొరంలో ఇరుక్కున్న గుండు తగిలి 50 దెబ్బలకీ గొట్టం దిగకపోతే "రిఫ్యూజల్, రాయి వచ్చేసింది" అని రాసి రిగ్ ఎత్తేస్తారు. అది గుండా, అసలు రాయా అన్నది తేలాలంటే ఇంకొన్ని మీటర్లు కోర్ (రాతి నమూనా) తీయాలి, దానికి టైమూ డబ్బూ కావాలి. అక్కడ నిలబడి "లేదు, ఇంకా దించండి" అనాల్సింది యజమాని, అంటే శాఖ, తరఫు మనిషి. కాంట్రాక్టర్ దగ్గర డబ్బు తీసుకునే ల్యాబు ఆ మాట ఎందుకు అంటుంది?

నల్లరేగడి సంగతీ అంతే. ఆ మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్షలో సన్నగా జల్లించిన పొడి మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేస్తారు, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు వదిలేస్తారు. (ఇప్పుడు ఇళ్లలో కిరోసిన్ లేదు, మా ల్యాబులో మాత్రం దాని కోసం ఇండెంటు పెడుతూనే ఉంటాం.) కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది, ఆ తేడాయే లెక్క. ఇలాంటి నేలలో కాలువ తవ్వి నేరుగా కాంక్రీటు లైనింగ్ వేస్తే ఏమవుతుందో పగిలి పైకి లేచిన పలకలు చూసిన ఏ రైతైనా చెప్తాడు. దానికి విరుగుడుగా లైనింగ్ కింద ఉబ్బని బంకమట్టి పొర వేయాలి, మేం సీఎన్ఎస్ అంటాం. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి అనే ప్రొఫెసర్ చేసిన పరిశోధన అది, ఇప్పుడు ఐఎస్ 9451 అనే భారత ప్రమాణంలో ఉంది. పద్ధతి ప్రొఫెసర్‌దే, కాదనను. కానీ టిప్పర్లలో వచ్చిన మట్టి సీఎన్ఎస్ అవునో కాదో సైట్లో తేల్చాలి, ఎర్రగా ఉన్న ప్రతి మొరమూ సీఎన్ఎస్ అయిపోదు. దగ్గర్లో దొరికిన గుట్టను తవ్వి తెచ్చేసి "సార్, ఇదే మట్టి, పాస్ చేయండి" అని సాయంత్రం ఆరింటికి టిప్పర్ల లైను చూపించి టెన్షన్ పెడతారు. అప్పుడు కాదు అని చెప్పి, ఆ రాత్రి వచ్చే ఫోన్లు కూడా తట్టుకోవాలి. ఉత్త సంతకం అనేది ఈ పనినే.

కాకతీయుల చెరువులకు వద్దాం. ఈ పాయింటుకి లైకులు ఎక్కువ వచ్చాయి. రామప్ప, పాకాల, లక్నవరం శతాబ్దాలుగా ఉన్నాయి, అది మన గర్వం. కానీ ఒక్కసారి కూడా గండి పడకుండా, మళ్లీ పూడ్చాల్సిన అవసరం రాకుండా ఉన్న పాత చెరువు ఎక్కడైనా ఉందా? అంతకన్నా ముఖ్యం, వాళ్లు మట్టి చూడకుండా కట్టారని ఎవరన్నారు? ఒక్కసారి కడప జిల్లా పోరుమామిళ్ల వెళ్లి రండి. అక్కడి చెరువు కట్ట దగ్గర విజయనగర కాలం నాటి శాసనం ఉంది, 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. గట్టి నేల ఉండాలన్నది అంగాల్లో ఒకటి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలన్నది ఇంకొకటి. కట్ట నుంచి నీరు కారడం, నేల చౌడు కావడం దోషాల్లో ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమేనట, మన కృష్ణా నీళ్ల గొడవలు చూస్తే అది ఎంత నిజమో తెలుస్తుంది. సరే, అది వేరే కథ. 650 ఏళ్ల కిందటే నేల చూసి కట్టమని రాయి మీద రాసి పెట్టారు. ఆ పూర్వీకుల పేరు చెప్పి పరీక్షలు వద్దనడం ఏం న్యాయం?

ఇప్పుడు మేడిగడ్డ. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు (బ్యారేజీ స్తంభాలు) కుంగాయి. దీని మీద రాజకీయం అందరికీ తెలుసు, నేను అటు పోను. ఆ తర్వాత వచ్చిన నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నివేదిక ఒక్క కారణం చెప్పలేదు. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడం, బ్యారేజీ బరువుకు ఆ ఇసుక బలం చాలకపోవడం, ఎగువన సీకెంట్ పైల్స్ (ఒకదాన్నొకటి ఆనుకుని భూమిలోకి దించిన కాంక్రీటు స్తంభాల గోడ) దెబ్బతినడం, నిర్వహణ పట్టించుకోకపోవడం, ఇలా చాలా ఉన్నాయి. వీటిలో శాఖ బాధ్యత లేదని నేను అనను. కానీ ఆ నివేదిక ఇచ్చిన అథారిటీ కూడా ప్రభుత్వ సంస్థే కదా. "సర్కారీ ఇంజనీర్లకు మట్టి తెలియదు" అనడానికి వాళ్లు వాడుకుంటున్నది సర్కారీ ఇంజనీర్లు రాసిన రిపోర్టునే!

పైగా కట్ట తెగిన ప్రతిసారీ మట్టిని తిట్టడం ఒక అలవాటైపోయింది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది, వరద కట్ట మీదుగా పొర్లి కోసేసింది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే ఎంత బాగా రోలింగ్ చేసినా నిలవదు. అది స్పిల్‌వే, గేట్లు, వరద అంచనాల సమస్య, ల్యాబులో దొరికే జవాబు కాదు.

"అంతా బయటివాళ్లకు ఇచ్చేయాలి" అన్న సలహా చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇచ్చేశాం కదండీ ఇప్పటికే! 2004 తర్వాత జలయజ్ఞంలో ఈపీసీ పద్ధతి వచ్చినప్పుడు సర్వే, ఇన్వెస్టిగేషన్, డిజైన్ అన్నీ కాంట్రాక్టు ఏజెన్సీ చేతుల్లోకి పోయాయి, శాఖకు మిగిలింది చూసి ఆమోదించడం. ఎన్ని బోర్లు వేస్తే తన ఖర్చు తగ్గుతుందో కాంట్రాక్టరే లెక్క వేసుకునే ఏర్పాటు అది. ఫార్వర్డ్‌లో ఏడ్చిన "సంతకం కల్చర్" చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే, సొంత మనుషులు ఎక్కువై వచ్చింది కాదు.

ఐఐటీలను నేను తక్కువ చేయడం లేదు. 2024లో అమరావతిలో ఏళ్ల తరబడి నీళ్లలో మునిగిన పునాదులను చూడటానికి మద్రాస్, హైదరాబాద్ ఐఐటీల నిపుణులను పిలవడం సరైన పనే. కానీ వాళ్లు వచ్చి చూసి, రిపోర్టిచ్చి వెళ్తారు. డ్యాము మాత్రం రోజూ ఉంటుంది. కట్టలో పీజోమీటర్ల (లోపలి నీటి ఒత్తిడి కొలిచే గొట్టాల) రీడింగులు తీయాలి, కింద వి-నాచ్ (నీటి ప్రవాహం కొలిచే వి ఆకారపు గాడి) దగ్గర ఊటనీరు ఎంత వస్తోందో కొలవాలి. ఊట తేటగా వస్తే సరే, బురదగా వస్తే లోపల మట్టి కదులుతోందని అర్థం, ఆ రాత్రే పై ఇంజనీరు ఈఈకి ఫోన్ వెళ్లాలి. తేటకీ బురదకీ తేడా చూసి చెప్పేది ముందు లస్కరు (కట్ట కాపలాదారు), తర్వాత ఏఈఈ. ఈ పనిని ఏ కన్సల్టెన్సీకి, ఎన్నేళ్లకు టెండర్ పిలుస్తారు?

నిజంగా తిట్టాలనుకుంటే తిట్టడానికి వేరే ఉన్నాయి. పరిపాలనా ఆమోదం కోసం ఎస్టిమేట్ ముందు తయారై బోర్లు తర్వాత పడటం, వందల కోట్ల పనిలో ఇన్వెస్టిగేషన్ పద్దునే ముందు కోయడం, క్వాలిటీ కంట్రోల్‌లో ఖాళీలు నింపకపోవడం, సీఎన్ఎస్ బాగా తెలిసిన మనిషిని రేపు ఉదయమే లిఫ్టు ఇరిగేషన్ పంపుల మీదకు బదిలీ చేయడం. ఇవి రాసి ఉంటే నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ణి.

జీతం చాలదన్నదానికి పెద్దగా చెప్పేదేం లేదు. గల్ఫ్‌లోనో పెద్ద కన్సల్టెన్సీలోనో ఎక్కువ వస్తుంది, అవును. డబ్బే లెక్క అయితే అటే వెళ్లండి, తప్పేం లేదు.

ఇటు రావాలనుకునేవాళ్లకు మాత్రం ఒక మాట. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్‌లో సివిల్ రెండో పేపర్లో జియోటెక్నికల్, పునాదుల భాగం ఉంది. సీఎస్ఎంఆర్ఎస్‌లో సైంటిస్ట్-బి పోస్టులు కూడా యూపీఎస్సీయే భర్తీ చేస్తుంది, ఆ నోటిఫికేషన్లు కనిపెట్టుకుని ఉండండి. రాష్ట్రంలో ఏఈఈగా వస్తే క్వాలిటీ కంట్రోల్ గానీ డిజైన్స్ గానీ కావాలని అడగండి. అందరూ వాటిని లూప్‌లైన్ (ప్రాధాన్యం లేని పోస్టులు) అంటారు కాబట్టి పెద్దగా పోటీ ఉండదు.